కెన్నెత్ ఆండర్సన్ దొర జీవితము – ఆయుధ వివేకము

గోలకొండ కడపటి సుల్తానగు అబుల్ హసన్ తానీషా కొలువున ప్రధానియై రాజ్యభారమును వహించిన మాదన్న పేర వెలసినది మా మాదన్నపేట. కొలువులు చెదరినవి, కోటలు శిథిలములైనవి, ఆ పేరు మాత్రము ఈ పేటను అంటిపెట్టుకొని నేటికిని నిలిచియున్నది. మనుష్యుని పేరును నిలుపునది వాడు చేసిన పనియే యనుటకు ఇంతకంటె దగ్గఱి నిదర్శనము మాకు వలదు.

మన వార్షిక సంచికలయందు సాధారణముగ మన పెద్దల చరిత్రములు ప్రకటింపబడుచుండును. అది యుక్తమే. అయినను గుణము ఎచటనున్నను గ్రహింపదగునను న్యాయము ననుసరించి, ఈ పర్యాయము మూసీనదికి ఉత్తరమున, సికింద్రాబాదున కావల, బొల్లారమున జన్మించిన ఒక అన్యదేశ వంశీయుని చరిత్రమును పాఠక మహాశయుల ముందుంచుచున్నాను. ఆయన కెన్నెత్ ఆండర్సన్ దొర. ఆయన కథను ఎన్నుకొనుటకు ఒక కారణము కలదు.

గడచిన వేసవిలో మా వీధి అరుగుపై ఇరువురు యువకులు, ఏనుగునకు ఏ మాగ్నం తుపాకి తగును, అడవిదున్నకు ఏది, పులికి ఏది యని గంటసేపు వాదించుకొనిరి. వారిలో నొక్కడును అడవిదున్నను జంతుప్రదర్శనశాల కంచె వెలుపలినుండి తప్ప చూచినవాడు కాడు. పెద్దగుండు వేయునది మేలని యొకడు, వేగముగ వేయునది మేలని యొకడు. నడుమ నన్ను మధ్యవర్తిని చేసిరి. శబ్దశాస్త్రము చదివి పిల్లలకు విభక్తులు వల్లింపించిన నాకు తుపాకులతో నేమి పని? కాని ప్రశ్న యడిగినవారిని ఉత్త చేతులతో పంపుట బడిపంతులకు ధర్మము కాదు. ఆ ప్రశ్నకు తన జీవితముచేతనే ఉత్తరము చెప్పినవాడు ఆండర్సన్ దొర.

ఈయన 1910వ సంవత్సరము మార్చి 8వ తేదీన బొల్లారమున జన్మించెను. వీరిది కొన్ని తరములుగా హిందూదేశమున స్థిరపడిన స్కాట్లండు కుటుంబము. తండ్రి సైనికుల జీతభత్యముల లెక్కలు చూచు శాఖలో ఉద్యోగి. బాలుడు బెంగుళూరులో బిషప్ కాటన్ పాఠశాలయందును, పిమ్మట సెయింట్ జోసెఫ్ కళాశాలయందును విద్య నభ్యసించెను. న్యాయశాస్త్రము చదువుటకై తల్లిదండ్రులు ఎడింబరోకు పంపగా, అచట మనసు నిలువక, చదువు ముగింపకయే మరలివచ్చెను. తంతితపాలా శాఖలో పదునైదేండ్లు పనిచేసి, తరువాత బెంగుళూరు విమానముల కర్మాగారమున ఉన్నతోద్యోగి యయ్యెను. ఇట్లు ఆయన పగలు కాగితములతో పోరాడు గృహస్థు. సెలవు దొరకిన నాడు అడవి మనిషి.

ఆయన తిరిగిన అడవులు మనకు దూరమైనవి కావు. తెలుగు మాటలాడు జనులు పెక్కుమంది గల హోసూరు ప్రాంతమున జౌళగిరి. చిత్తూరు సీమలో భాకరాపేట, నాగపట్ల, చామల లోయ. రేణిగుంట దాటిన పిదప వచ్చు మామండూరు. నల్లమలలో నంద్యాలనుండి గిద్దలూరునకు పోవు రైలుమార్గముపై గాజులపల్లె, చెలమ, దిగువమెట్ట మున్నగు స్టేషనుల పరిసరములు, ఇవి యన్నియు ఆయన పాదములు తొక్కిన చోట్లు. వెదురు కొట్టువారు, పశువుల కాపరులు, చెంచులు, పూజారులు ఆయనకు స్నేహితులు. కన్నడము, తమిళము ధారాళముగ మాటలాడువాడగుటచే వారితో కలిసి మెలసి తిరుగగలిగెను. ప్రభుత్వ లెక్కల ప్రకారము 1939 మొదలు 1966 వరకు ఆయనచే కూలినవి మనుష్యులను చంపుచుండిన చిరుతపులులు 8, పెద్దపులులు 7. లెక్కకు రానివి ఇంకను పెక్కు గలవని ప్రతీతి.

మనుధర్మశాస్త్రము కామమువలన పుట్టు పది వ్యసనములను చెప్పుచు, వేటను వానిలో మొదటిదిగా నెన్నినది. వినోదమునకై చంపుట వేఱు, ఊరివారి ప్రాణరక్షణకై చంపుట వేఱు. దొర యౌవనమున మొదటిది చేయలేదని చెప్పజాలము. కాని ఆయన కీర్తి యంతయు రెండవదానివలన వచ్చినది. ఆ రెండవ పనియందే ఆయుధమును ఎన్నుకొనుట యను ప్రశ్న ధర్మప్రశ్నగా పరిణమించును.

ఇక మాగ్నం అను మాటను విచారింతము. ఇది లాటిను భాషలో పెద్దది యను అర్థము గల శబ్దము. మన మహత్తు దానికి తోబుట్టువు. రెండును ఒక మూలమునుండి పుట్టినవే. మొదట మద్యపు పెద్దసీసాకు ఆ పేరుండగా, తుపాకులు చేయువారు దానిని అరువు తెచ్చుకొని, సాధారణమైన దానికంటె ఎక్కువ మందు పట్టు తూటాకు పెట్టిరి. తూటా పేరులో గల అంకె గుండు లావును సుమారుగా అంగుళములో వేయింట నిన్ని వంతులని తెలుపును. గుండు బరువును గ్రెయిన్లలో తూచెదరు. మన పాత తులము సరిగా 180 గ్రెయిన్లు. కావున 300 గ్రెయిన్ల గుండనగా తులమున్నరకు కొంచెము పైమాట. 500 గ్రెయిన్ల గుండనగా మూడు తులములకు కొంచెము తక్కువ.

పెద్దజంతువుల వేటకు ఆంగ్లేయులు మొదట .450 వ్యాసము గల రెండు గొట్టముల తుపాకులను మిక్కిలిగా వాడుచుండిరి. సైన్యము వాడి విడిచిన మార్టినీ-హెన్రీ తుపాకులకు గూడ అదే వ్యాసము. వేట తూటాలలోని గుండు తిరుగుబాటుదారుల చేతులలోని ఆ పాత తుపాకులకు ఉపయోగపడునను భయముచే ప్రభుత్వము 1907లో ఆ వ్యాసపు తుపాకులను ఈ దేశమునకు తెచ్చుట నిషేధించెను. లండను తుపాకి పనివారు ఊరకుండిరా? .465, .470, .475 అని కొంచెము కొంచెము మార్చి క్రొత్తవానిని పుట్టించిరి. నేడు యువకులు ఏనుగుల తుపాకులని చదువు పేర్లలో పెక్కింటికి మూలము ఈ నిషేధమే. 1912లో హాలండ్ అండ్ హాలండ్ కంపెనీవారు .375 మాగ్నమును వెలువరించిరి. జింక మొదలు ఏనుగు వరకు అన్నిటికిని పనికివచ్చునని అది లోకమున పేరుపొందెను.

ఆండర్సన్ దొర చేతనున్నది ఇవి యేవియు కాదు. ఆయన జీవితకాలపు ప్రధానాయుధము అమెరికాలో చేయబడిన .405 వించెస్టరు. 1895వ సంవత్సరపు నమూనా తుపాకికి 1904లో ఈ తూటా నమర్చిరి. అమెరికా దేశాధ్యక్షుడుగా నుండిన థియొడోర్ రూజ్వెల్టు 1909లో ఆఫ్రికా వేటకు పోవునపుడు దీనిని తీసికొనిపోయి, సింహములకు ఇది దివ్యౌషధమని మెచ్చుకొనెను. పిడి క్రిందనున్న మీటను ముందునకు త్రోసి వెనుకకు లాగినచో కాలిన తూటా వెలుపల పడి క్రొత్తది లోనికి వచ్చును. కావున మొదటి గుండు తప్పినను, చీకటిలో మీద పడు మృగమునకు రెండవది సిద్ధముగ నుండును. గుండు బరువు 300 గ్రెయిన్లు. గొట్టమును వెడలునపుడు వేగము సెకనునకు సుమారు 2,200 అడుగులు.

అరుగుమీది యువకులు గమనింపదగిన విషయ మిచ్చట నున్నది. .375 మాగ్నము గుండు గూడ 300 గ్రెయిన్లదే దొరకును. బరువు సమానము. కాని అది సన్ననిది, పొడుగైనది; సెకనునకు సుమారు 2,500 అడుగులు పోవును. సమానమైన బరువు గల దబ్బనమును, మొద్దుమేకును ఒకే బలముతో కొట్టినచో ఏది లోతుగ దిగునో గృహిణులకును తెలియును. కావున దళమైన చర్మము, గట్టి యెముకలు గల ఏనుగునకు, అడవిదున్నకు .375 మేలు, దూరపు గుఱికిని అదే మేలు. .405 గుండు లావై పొట్టిదగుటచే లోతుగ చొరదు. దూరము పోయినకొలది వేగము త్వరగా తగ్గును. మఱి ఆండర్సన్ దొర దానినే యేల పట్టుకొనియుండెను? ఆయన వేటాడినవి ముఖ్యముగ పులులు, చిరుతలు. వీని చర్మము మెత్తనిది. మంచె మీదనుండియో, రాతి చాటునుండియో ఆయన కాల్చిన దూరము తఱచుగ కొలది గజములే. అంత దగ్గఱ ఆ లావుపాటి గుండు మృగమును ఉన్నచోటనే కూల్చుటకు చాలియుండెను. పనిని చూచి పనిముట్టును ఎన్నుకొనుట యన నిదియే.

ఇక పెద్దదియే మేలను వాదము. స్కాట్లండువాడగు బెల్ అను వేటకాడు ఆఫ్రికాలో వేయికి పైగా ఏనుగులను చంపెను. వానిలో పెక్కింటిని చంపినది 7 మిల్లీమీటర్ల చిన్న గుండుతో. ఏనుగు తలలో మెదడున్న చోటును ఏ దిక్కునుండి చూచినను ఎఱిగినవాడగుటచే అతనికి అది చెల్లెను. ఎఱుగనివాడు అతనిని చూచి చిన్నతుపాకి పట్టుట ఆత్మహత్యయే యగును. నిరపరాధియగు జంతువును చిత్రవధ చేయుటయు నగును. అట్లని పెద్ద మాగ్నము పట్టినంతమాత్రమున నేర్పు రాదు. తుపాకి మడమ భుజమును తన్నునను భయముచే కన్ను మూసి మీట నొక్కువానికి మహత్తరమైన తూటా వ్యర్థము. .405 గూడ భుజమును గట్టిగానే తన్నునది. దొర దానికి అలవాటుపడి, చిన్ననాటి స్నేహితుని వలె దాని గుణదోషములను ఎఱిగియుండెను. ఆయుధము ఎంత పెద్దదను దానికంటె, పట్టినవానికి అది ఎంత పరిచితమను దానియందే గుఱి ఆధారపడియున్నది.

రాత్రివేళ ఆయన తుపాకికి విద్యుద్దీపమును బిగించుకొని కూర్చుండెడివాడు. చప్పుడు విన్నంతనే కాల్చుట ఆయన పద్ధతి కాదు; దీపము వెలిగించి, కన్నులార చూచి, పిమ్మట కాల్చుట ఆయన నియమము. ఇచట నాకు దశరథ మహారాజు జ్ఞప్తికి వచ్చుచున్నాడు. ఆయన బాణమునకు బలము తక్కువయా? చేతికి నేర్పు తక్కువయా? సరయూ తీరమున చీకటిలో కుండ మునిగిన చప్పుడును ఏనుగు నీరు త్రాగుచప్పుడని తలచి బాణము విడిచెను. కూలినవాడు అంధులగు తల్లిదండ్రులకు నీరు తెచ్చుచుండిన కుమారుడు. శబ్దవేధి విద్య గొప్పదే. చూచుట యను చిన్నపని అంతకంటె గొప్పది.

అన్నిటికంటె ముఖ్యమగు విషయ మొకటి కలదు. పులి స్వభావముచే మనుష్యుని తినునది కాదనియు, దాని నట్లు చేయునది తఱచుగ మనుష్యుడే యనియు దొర తన గ్రంథములయందు మాటిమాటికి తెలిపెను. పొలము కాపునకై ఇచ్చిన నాటుతుపాకితో ఎవడో రాత్రి సీసపు రవ్వలు చల్లును. పట్టణపు షికారి ఒకడు చాలని తుపాకితో దూరమునుండి కాల్చి, నెత్తురు చారను చూచి భయపడి ఇంటికి పోవును. పులి చావదు. దవడయో, కాలో చెడి, జింకను పట్టజాలక, మెల్లగ నడచు కట్టెలమ్మిని పట్టుకొనును. ఉత్తరదేశమున 1907లో జిమ్ కార్బెట్ దొర చంపిన చంపావతు ఆడపులి 436 మందిని పొట్టన బెట్టుకొన్నదని లెక్క. దాని కుడివైపు కోరలు పూర్వ మెన్నడో తగిలిన తుపాకి దెబ్బచే విరిగియుండెనని కార్బెట్ వ్రాసియున్నాడు. ఒకని అజాగ్రత్తకు ఎన్ని యిండ్ల దీపము లాఱినవో చూడుడు. అందుచేతనే గాయపడిన మృగమును విడిచిపెట్టి రాకూడదనునది వేటగాండ్ర వ్రాయని శాసనము. ఆండర్సన్ దొర ఇతరులు గాయపఱచి విడిచిన పులుల ఋణమును గూడ తన ప్రాణము పణముగ నొడ్డి తీర్చుచుండెను.

1954లో ఆయన మొదటి గ్రంథము వెలువడెను. అందు తొమ్మిది నరభక్షక మృగముల కథలును, ఒక మదపుటేనుగు కథయు గలవు. తరువాత మరికొన్ని గ్రంథములు వచ్చినవి. కన్నడమున పూర్ణచంద్ర తేజస్విగారు ఆ కథలను తమ భాషలోనికి తెచ్చి ఇంటింటికి పరిచయము చేసిరి. వయసు ముదిరినకొలది దొర మనసు మాఱెను. తుపాకికంటె చిత్రములు తీయు యంత్రమే ఆయనకు ప్రియమయ్యెను. అడవులు తఱిగిపోవుచున్నవనియు, విషము పెట్టి పులులను చంపుచున్నారనియు ఆయన వ్రాతలయందు దుఃఖము నిండియుండును. 1972లో వన్యప్రాణి సంరక్షణ శాసనము వచ్చి వినోదపు వేట ముగిసెను. రెండేండ్లకు, 1974 ఆగస్టు 30వ తేదీన, పుట్టకురుపు వ్యాధిచే బెంగుళూరులో ఆయన కన్నుమూసెను. వయస్సు అరువదినాలుగేండ్లు.

నేటి యువకునకు పులిపై గుండు విడుచు అవసరము లేదు, విడుచుట నేరము. ఐనను మా అరుగుమీది ప్రశ్న వ్యర్థము కాదు. పనికి తగిన సాధనము, సాధనమునకు తగిన అభ్యాసము, అభ్యాసమునకు తోడు చూపు, చేపట్టినదానిని తుదముట్టించు ధైర్యము, ఈ నాలుగింటిలో ఏది లోపించినను మిగిలిన మూడును కీడునే చేయును. మన సంఘములయందును ఉత్సాహముతో ఆరంభించి నడుమ విడిచిన వసతిగృహములు, పాఠశాలలు, విద్యార్థినిధులు కలవు. అవి గాయపడి పొదలలో దాగిన పులుల వంటివి. ఒకమారు మోసపోయిన దాత మఱల చేయి చాపడు. ఒకమారు ఆశపెట్టి విడిచిన బాలుడు మఱల మన వాకిలి త్రొక్కడు. చిన్న తుపాకియైనను సరే, చేతనైనదానినే యెత్తుదము. ఎత్తిన పిదప గుఱి చూచి విడుతము. విడిచిన పిదప నెత్తురు చార వెంబడి తుదివరకు నడతము. బొల్లారమున పుట్టిన ఆ దొరవద్ద మనము నేర్చుకొనదగినది ఇదియే యని విన్నవించి విరమించుచున్నాను.