న్యాయానికి దఫ్తరు ఏర్పరచిన దివాన్: మొదటి సాలార్‌జంగ్

సాలార్‌జంగ్ అనగానే మన విద్యార్థులకు స్ఫురించేది మ్యూజియం. అందలి సంపదలో అధికభాగాన్ని సమకూర్చినవారు మూడవ సాలార్‌జంగ్. వారి పితామహులైన మొదటి సాలార్‌జంగ్, మీర్ తురాబ్ అలీఖాన్, మనకు మిగిల్చి వెళ్లినది అద్దాల బీరువాలలో కనిపించేది కాదు. జిల్లా, తహసీలు, న్యాయస్థానం, జీతం పుచ్చుకొని లెక్క అప్పగించవలసిన ఉద్యోగి - ఇవే ఆయన వదలిన ఆస్తి.

1829 జనవరి 21న బిజాపూరులో జన్మించిన తురాబ్ అలీఖాన్ బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, దివాన్ల వంశంలోని పెద్దల పోషణలో పెరిగారు. పితృవ్యులు సిరాజుల్ముల్క్ మరణానంతరం 1853 మే నెలలో, ఇరువదినాలుగేండ్ల ప్రాయంలో, దివాన్ పదవి స్వీకరించారు.

అప్పటికి రాజ్యస్థితి దయనీయం. ఆ నెలలోనే బీరారు ప్రాంతం కంపెనీ వశమైంది. ఖజానా శూన్యం. ఎన్నో తాలూకాలు అరబ్బు సర్దారుల వద్ద, సాహుకార్ల వద్ద తాకట్టులో ఉన్నాయి. శిస్తు వసూలును గుత్తకు తీసుకొన్న తాలూక్‌దారు తాను కట్టిన సొమ్ముకు మించి రాబట్టుకొనేవాడు. తన ఇలాకాలో దండించేవాడు కూడా అతడే. ఈ దౌర్భాగ్యం మనకు మాత్రమే పరిమితం కాదు. స్పెయిన్ ఏలుబడిలోని ఫిలిప్పీన్స్ దీవులలోనూ పాలనాధికారియే న్యాయాధికారి. ఆ రెండు పనులు అక్కడ 1886లో గాని వేరుపడలేదు.

సాలార్‌జంగ్ మొదట తాకట్టులోని తాలూకాలను విడిపించారు, క్రమంగా గుత్తపద్ధతిని తొలగించారు. 1864లో రెవెన్యూ బోర్డు ఏర్పడింది. 1865లో జిలాబందీ ఆరంభమై రాజ్యం సుబాలుగా, జిల్లాలుగా, తాలూకాలుగా విభజింపబడింది. తాలూక్‌దారు అనే పేరు అట్లే నిలిచింది గాని అర్థం తారుమారయింది: నిన్నటి గుత్తదారు పేరు నేడు జీతగాడైన జిల్లా అధికారికి వచ్చింది. 1868లో న్యాయ, రెవెన్యూ, పోలీసు, ఇతర శాఖలకు నలుగురు సదరుల్ మహాములు నియుక్తులైనారు. 1874లో వాడి నుండి సికింద్రాబాదుకు రైలు వచ్చింది.

1857 జూలై 17న తుర్రెబాజ్‌ఖాన్, మౌల్వీ అలావుద్దీన్‌ల నాయకత్వాన రెసిడెన్సీపై దాడి జరిగినప్పుడు ఆయన ఆంగ్లేయుల పక్షాన నిలిచారు. మౌల్వీ అండమాను పాలైనారు, తుర్రెబాజ్‌ఖాన్ హతులైనారు. ఈ ఘట్టాన్ని మరుగుపరచి ఆయన జీవితం చెప్పడం చరిత్రకు అన్యాయం. ఆ స్నేహానికి ప్రతిఫలంగా 1860 ఒడంబడికలో రాయచూరు, నల్‌దుర్గ్ ప్రాంతాలు తిరిగి వచ్చాయి, బీరారు రాలేదు. 1876లో లండనుకు వెళ్లినప్పుడు ఆక్స్‌ఫర్డ్ వారి గౌరవపట్టం లభించింది గాని బీరారు దక్కలేదు. 1883 ఫిబ్రవరి 8న కలరా సోకి ఆయన పరమపదించారు.

ఆయన సంస్కరణలలో మరొక కొరత ఉన్నదని మేము భావిస్తున్నాము. దఫ్తరు భాష పారసీకం. ఆయన అనంతరం 1880 దశకంలో ఆ స్థానం ఉర్దూకు వచ్చింది. తెలుగు రైతు తన మొరను ఒకరిచేత వ్రాయించుకొని, తీర్పును మరొకరిచేత చదివించుకోవలసి వచ్చింది. కచేరీ దగ్గరైంది, దాని భాష దూరంగానే నిలిచిపోయింది. అయినను తహసీలు, వకీలు, జామీను, దరఖాస్తు తెలుగువారి నోట ఇంటిమాటలైపోయాయి. భాషలు తమలో తాము పోట్లాడుకొనలేదనుటకు ఇదే సాక్ష్యం.

ఇది గడచిన కథ కాదు. 1998లో సైబర్ టవర్స్ వెలసిన నాటినుండి మాదాపూరు, గచ్చిబౌలి, రాయదుర్గం పరిసరాలలో నేల విలువ ఎట్లు పెరిగినదో అందరూ ఎరుగుదురు. నగరం చుట్టూ భూమి హక్కు తేల్చవలసి వచ్చినప్పుడు న్యాయస్థానాలు నేటికీ నిజాము కాలపు దస్తావేజులను తిరగవేయవలసి వస్తున్నది. కాగితం ఉర్దూలోనో పారసీకంలోనో ఉంటుంది. దున్నుకొన్నవాని మాట తెలుగులో ఉంటుంది. రెండూ చదివి అర్థం చెప్పగలవారు లేనిచోట, బీదవాడు తన హక్కును తానే గుర్తించలేడు.

మన విద్యార్థులు హైటెక్ సిటీలో ఉద్యోగాలు కోరడం సహజం, సంతోషకరం. దానితోపాటు పాత దస్తావేజులు చదివే అభ్యాసాన్ని ఉర్దూ, తెలుగు శాఖలు కలిసి ప్రారంభించడానికి పాలకసంఘం పెద్దలు ఆలోచించవలెనని మా మనవి. సాలార్‌జంగ్ దఫ్తరును ఏర్పరచారు. దానిని సామాన్యునికి చదివి వినిపించే పని ఇంకా మిగిలియే ఉన్నది. రెండు భాషలూ చదువుకొనే మన కళాశాలకంటె ఆ పనికి తగిన చోటు వేరే ఏది?