థామస్ గ్రిఫిత్స్ వేన్‌రైట్

థామస్ గ్రిఫిత్స్ వేన్‌రైట్ (అక్టోబరు 1794 - ఆగష్టు 17, 1847) ఇంగ్లాండుకు చెందిన వ్యాసకర్త, చిత్రకారుడు, కళా విమర్శకుడు. కాల్పనికోద్యమ కాలంలో లండన్ మ్యాగజైన్ అను మాసపత్రికకు మారుపేర్లతో వ్యాసాలు వ్రాశాడు. తరువాతి తరాలకు ఇతడు విషము పెట్టిన హంతకుడిగానే తెలుసు. అయితే ఆ నేరము ఏ న్యాయస్థానంలోనూ ఋజువు కాలేదు. ఇతనికి శిక్ష పడినది ఫోర్జరీ వ్యవహారంలో మాత్రమే.

బాల్యము
వేన్‌రైట్ లండన్ సమీపంలో జన్మించాడు. తల్లి ప్రసవ సమయంలోనే మరణించింది. తండ్రి కూడా ఇతని చిన్నతనంలోనే గతించాడు. మంత్లీ రివ్యూ పత్రిక స్థాపకుడు, మాతామహుడు అయిన రాల్ఫ్ గ్రిఫిత్స్ ఇతనిని లిండెన్ హౌస్ అను తన భవనంలో పెంచాడు. కొంతకాలం సైన్యంలో పనిచేసిన పిమ్మట ఇతడు చిత్రకళకు, రచనకు అంకితమయ్యాడు. 1821 నుండి కొన్ని సంవత్సరాలు రాయల్ అకాడమీలో ఇతని చిత్రాలు ప్రదర్శింపబడ్డాయి.

లండన్ మ్యాగజైన్ రచనలు
1820లో జాన్ స్కాట్ సంపాదకత్వంలో ఆరంభమైన ఈ పత్రికలో చార్లెస్ లాంబ్, విలియం హాజ్లిట్, డిక్విన్సీ వంటి ప్రసిద్ధులు వ్రాసేవారు. వేన్‌రైట్ 1820-1823 మధ్య జానస్ వెదర్‌కాక్, ఎగోమెట్ బాన్‌మాట్, కార్నీలియస్ వాన్ వింక్‌బూమ్స్ అను పేర్లతో వ్రాశాడు. జానస్ రోమనుల రెండు ముఖాల దేవుడు. వెదర్‌కాక్ అనగా గాలి ఎటు వీచునో తెలిపే కోడిబొమ్మ. పేరుకు తగినట్లే ఈ వ్యాసాలలో హాస్యము, ఆడంబరము, స్వీయ ప్రదర్శన కలగలిసి ఉంటాయి. చిత్రాలు, ముద్రణ చిత్రాలు, కళా ప్రదర్శనలు ముఖ్య విషయాలు. విలియం బ్లేక్‌ను అతి కొద్దిమంది మాత్రమే ఎరిగిన రోజులలో, 1820లోనే, అతని జెరూసలేం కావ్యాన్ని హాస్య ధోరణిలో పాఠకులకు ప్రస్తావించాడు. లాంబ్ ఇతని రచనలను మెచ్చుకున్నాడు.

ఫోర్జరీ, అనుమానాలు
తాతగారి ఆస్తిలో వడ్డీపై మాత్రమే ఇతనికి హక్కు ఉండేది. విలాసాల వలన అప్పులు పెరిగి, 1822, 1824 సంవత్సరాలలో ధర్మకర్తల సంతకాలను ఫోర్జరీ చేసి బ్యాంక్ ఆఫ్ ఇంగ్లాండు నుండి అసలు సొమ్ము తీసుకున్నాడు. 1828లో మేనమామ, 1830లో అత్తగారు, అదే సంవత్సరం డిసెంబరులో భార్య చెల్లెలు హెలెన్ మరణించారు. హెలెన్ పేర పెద్ద మొత్తాలకు జీవిత బీమా ఉండుటచే అనుమానాలు రేగాయి. బీమా సంస్థలు సొమ్ము చెల్లించుటకు నిరాకరించాయి. వేన్‌రైట్ 1831లో ఫ్రాన్సు వెళ్ళిపోయాడు.

ప్రవాస శిక్ష, మరణము
1837లో లండన్ తిరిగివచ్చి పట్టుబడ్డాడు. ఫోర్జరీ వ్యవహారంలో యావజ్జీవ ప్రవాస శిక్ష విధించి, నేటి టాస్మానియాకు పంపారు. అక్కడ హోబర్ట్ పట్టణంలో ఖైదీగా ఉంటూనే పలువురి రూపచిత్రాలు గీశాడు. అక్కడే మరణించాడు.

రచనల స్థానము
1859లో చార్లెస్ డికెన్స్ వ్రాసిన ఒక కథకు, 1889లో ఆస్కార్ వైల్డ్ వ్రాసిన వ్యాసానికి ఇతని జీవితమే ఆధారము. 1880లో హాజ్లిట్ మనుమడు ఇతని వ్యాసాలను సంకలనం చేశాడు. నేర చరిత్ర చాటున మరుగుపడిన వ్యాసకర్తను ఆ సంకలనము తిరిగి పాఠకుల ముందుకు తెచ్చింది.