కటకశిల్పి ఆల్వన్ క్లార్కు

దూరదర్శకయంత్రమును స్వహస్తముతో నిర్మించుకొనగోరువానికి గొట్టము దొరకును, పీఠము దొరకును, కంటియొద్ద నుంచు చిన్న కటకమును దొరకును. దొరకనిది ముందఱి పెద్ద కటకమొక్కటియే. దీనినే వస్తుకటకమందురు. ఇది దొరకనికాలమున, బడిలో నీ విద్య నేర్వని యొక చిత్రకారుడు దీనిని తానే యరగదీసి, లోకములోని మహావేధశాలలకు సమకూర్చెను. ఆయన వృత్తాంతమును ఈ వార్షికసంచికయందు సోదరులకును పోషకులకును నివేదింప దలచితిమి.

అమెరికా సంయుక్తరాష్ట్రములందలి మసాచుసెట్సు రాష్ట్రమున, ఆష్‌ఫీల్డు అను గ్రామమున, 1804వ సంవత్సరము మార్చి 8వ తేదీని ఆల్వన్ క్లార్కు జన్మించెను. తండ్రి కృషీవలుడు. కళాశాలావిద్య కుఱ్ఱవాని కందుబాటులో లేదు. యౌవనమున లోవెల్ పట్టణమందలి అద్దకపు కర్మాగారమున బట్టలపై నద్దు బొమ్మలను చెక్కు పని చేసి, పిదప బోస్టను నగరమున చిత్రకారుడై, జనుల ముఖచిత్రములను, అందును దంతఫలకములపై సూక్ష్మచిత్రములను వ్రాసి జీవించెను. తుపాకి గుఱిలోను ఆయన కడు నేర్పరి. చెక్కుట, వ్రాయుట, గుఱి చూచుట, ఈ మూటికిని కావలసినది వెంట్రుకవాసి తప్పును పట్టగల కన్ను. అది ఆయనకు సహజముగ నుండెను.

1844లో పెద్దకుమారుడు జార్జి ఆండోవరులో చదువుచుండగా, అచటి భోజనపు గంట పగిలెను. జార్జి ఆ ముక్కలను కరగించి దూరదర్శకమునకు దర్పణము పోయ నెంచెను. తండ్రి తోడ్పడెను. అప్పటికాయనకు నలువది యేండ్లు. వినోదముగ మొదలైన పని యిల్లంతయు నావరించి, చిత్రశాల క్రమముగ కటకశాల యయ్యెను. చిన్నకుమారుడు ఆల్వన్ గ్రాహమును పిదప దానిలోనే చేరెను.

లోహదర్పణము త్వరగ మాసిపోవును గనుక వారి దృష్టి కటకములపైకి మఱలెను. 1847లో హార్వర్డు విద్యాలయమునకు మ్యూనిక్ నగరమునుండి మెర్జు, మాలరు అను శిల్పుల 15 అంగుళముల యంత్రము వచ్చెను. (మన హైదరాబాదు నిజామియా వేధశాలకై నవాబు జఫర్ జంగు గారు కొన్న గ్రబ్బు వారి యంత్రమును 15 అంగుళములదే.) దానిలో చూచిన క్లార్కు నక్షత్రబింబమున స్వల్పదోషమును కనిపెట్టెను. ఇట్టి దోషమును తాను పోల్చగలిగినచో, దిద్దనుగలనని ఆయనకు ధైర్యము కలిగెను. గురువు లేడు, ఆ జర్మను కటకములోని తప్పే గురువు.

ఇచట కొంచెము ప్రసంగాంతరము. మేము ఉపాధ్యాయులుగ నుండిన కాలమున పిల్లలచేత ముతక కాగితపు గొట్టమునకు కండ్లజోటి అద్దము నమర్పించి చంద్రుని చూపితిమి. చంద్రునిచుట్టును ఊదారంగు అంచు! పిల్లలు తమ పనిలో తప్పనుకొనిరి. తప్పు వారిది గాదు. ఏకకటకము వెలుగులోని రంగులను వేర్వేరు తావుల కూర్చును. దీనికి మందు, క్రౌను గాజుతో నొకటి, ఫ్లింటు గాజుతో నొకటి, రెండు కటకములను జత చేయుట. ఆంగ్లేయులు 18వ శతాబ్దముననే దీనిని కనుగొనిరి. అయినను పెద్దవి రాలేదు. ఏలయన, ఫ్లింటు గాజులో సీసము కలదు. కరగినప్పుడది క్రిందికి దిగి, గాజులో చారలు కట్టును. స్విట్జర్లాండు దేశస్థుడగు గినాను కరగిన గాజును కాల్చిన మట్టికడ్డీతో కలియబెట్టి ఈ చిక్కును విప్పెను. ఆ రహస్యము మ్యూనిక్‌నకును, ఫ్రాన్సునకును, ఫ్రాన్సునుండి వచ్చిన బాంటాంపు మూలమున ఇంగ్లండులో బర్మింగుహాము చాన్సు సోదరులకును చేరెను. అమెరికాలో నట్టి గాజు లేదు. కావున క్లార్కు నైపుణ్యమెంతయైనను ముడిగాజుకై సముద్రముల కావలివారిపై నాధారపడవలసివచ్చెను.

స్వదేశీయులు చాలకాల మాయన పనిని నమ్మరైరి. క్లార్కు తన కటకములతో దగ్గరదగ్గరగ నుండు జంటనక్షత్రములను విడదీసి చూచి, ఆ వార్తను ఇంగ్లండులోని డాసు అను నక్షత్రపరిశోధకునకు వ్రాసెను. డాసు పరీక్షించి, 1854లో 7½ అంగుళముల కటకమును కొని, క్రమముగ మొత్తమైదు కొనెను. అందు 8 అంగుళములదానిని విలియం హగ్గిన్సు ఆయనయొద్ద కొని ప్రసిద్ధికెక్కెను. పరదేశీయుడు మెచ్చిన పిదప స్వదేశము మెచ్చుట మనకును క్రొత్త గాదు.

1860లో మిస్సిసిపీ విద్యాలయము 18½ అంగుళముల కటకమును కోరెను. నాటికంత పెద్దది లోకమున లేదు. చాన్సు వారి గాజు వచ్చెను. తండ్రికొడుకులు నాలుగు ముఖములను అరగదీసిరి. వారి పద్ధతి యిది: నక్షత్రమునో, దూరముననుంచిన కృత్రిమదీపబిందువునో చూచి, బింబమున వంకర యెచటనున్నదో కనుగొని, ఆ తావునే మెల్లగ రుద్ది మఱల చూతురు. తుదిదశలో యంత్రమునకు పని లేదు, చేతికే. 1862 జనవరి 31వ తేదీ రాత్రి ఈ కటకమును పరీక్షించుచు ఆల్వన్ గ్రాహము లుబ్ధకనక్షత్రముచెంత నొక మసక చుక్కను చూచెను. లుబ్ధకము తిన్నగ నడువక ఊగుచున్నది గనుక కనబడని తోడు కలదని జర్మను పండితుడు బెసెలు 1844లో లెక్కగట్టియుండెను. ఆ తోడే యిది. నేడు దీనిని శ్వేతకుబ్జతారయందురు. ఇంతలో అంతర్యుద్ధము మూడి మిస్సిసిపీకి కటకము చేరలేదు. షికాగో వారు కొనిరి.

1873లో వాషింగ్టను నౌకాదళ వేధశాలకు 26 అంగుళములది చేసిరి. దానితోనే 1877 ఆగస్టులో ఆసాఫ్ హాలు కుజుని రెండు చంద్రులను కనుగొనెను. రష్యాలోని పుల్కోవా వేధశాలకు 30 అంగుళములది పంపిరి.

అన్నిటికంటె కష్టమైనది కాలిఫోర్నియాలోని లిక్కు వేధశాలకు కోరిన 36 అంగుళములది. దాత జేమ్సు లిక్కు పియానోలు చేయు వడ్రంగముతో బ్రదుకు మొదలిడినవాడు, 1876లోనే గతించెను. గాజు పోయుటకు పారిసులోని ఫెయిల్ పూనుకొనెను. ఇతడు గినాను వంశమువాడు. ఫ్లింటు బిళ్ల 1882లో వచ్చెను. క్రౌను బిళ్ల మూటకట్టుచుండగా బీటవాఱెను. మఱల పోసిరి, చెడెను. మఱల పోసిరి, చెడెను. కొడుకులకు పని యప్పగించి విశ్రమించిన ఫెయిల్, వారు దివాలా తీయగా వార్ధక్యమున తిరిగి కొలిమియొద్దకు వచ్చెను. 1885లో గాని మంచి బిళ్ల చేకూరలేదు. అన్ని యేండ్లును క్లార్కు వేచియుండెను. చేయి సిద్ధము, గాజు లేదు. ఎనుబదేండ్ల వృద్ధుడు గాజుకై కనిపెట్టుకొనియుండుటను తలచినప్పుడు మాకు మిక్కిలి జాలి కలుగును.

గాజు రాగానే పని సాగెను. 1886 డిసెంబరున కటకము హామిల్టను కొండకు చేరెను. 1887 జనవరిలో లిక్కు భౌతికకాయమును యంత్రపుస్తంభము క్రింద నిక్షేపించిరి. ఆ సంవత్సరమే ఆగస్టు 19వ తేదీని ఆల్వన్ క్లార్కు పరమపదించెను. కటకమును యంత్రమున బిగించి ఆకాశమును తొలిసారి చూచినది 1888 జనవరిలో. అది నేటికిని ఆ కొండమీదనే యున్నది.