మణిలాల్ డాక్టర్

మణిలాల్ మగన్‌లాల్ డాక్టర్ (జూలై 28, 1881 – జనవరి 8, 1956) మారిషస్, ఫిజీ ద్వీపాలలోని భారతీయ కూలీల హక్కుల కొరకు పాటుపడిన న్యాయవాది, పత్రికా సంపాదకుడు. డాక్టర్ అనునది ఇతని ఇంటిపేరు. ఇతడు వైద్యుడు కాదు.

తొలి జీవితం

మణిలాల్ బరోడాలో జన్మించాడు. లండనులో చదివి బారిస్టరు అయ్యాడు. 1906లో అక్కడ గాంధీజీతో పరిచయమేర్పడింది. గాంధీజీ 1901లో దక్షిణాఫ్రికా నుండి స్వదేశానికి వస్తూ కొద్దిరోజులు మారిషస్‌లో ఆగి, అక్కడి కూలీల దుస్థితిని చూశాడు. ఆయన సూచనపై మణిలాల్ 1907 అక్టోబరులో ఆ ద్వీపానికి చేరుకున్నాడు.

మారిషస్‌లో

బానిసత్వం రద్దయిన తరువాత మారిషస్ చెరకు తోటలలో పనికి భారతీయులను ఒప్పందంపై తీసుకువెళ్ళారు. వీరిలో కోరంగి రేవు నుండి ఓడలెక్కిన తెలుగువారు కూడా ఉన్నారు. పాలన బ్రిటిషు వారిది. తోటలలో అధికభాగం ఫ్రెంచి సంతతి వారివి. జనాభాలో మూడింట రెండువంతులు భారతీయులే అయినా, ఆస్తి అర్హత వలన వారిలో బహు కొద్దిమందికే ఓటుహక్కు ఉండేది. ఒకరోజు పనికి రాని కూలీకి రెండురోజుల కూలి కోసేవారు. 1867 నాటి చట్టం ప్రకారం ఒప్పందం ముగిసినవారు సైతం ఛాయాచిత్రంతో కూడిన అనుమతిపత్రాన్ని వెంట ఉంచుకోవలసి వచ్చింది. అది లేనివారిని దేశదిమ్మరులుగా పరిగణించి అరెస్టు చేసేవారు.

చట్టమే ఈ అసమానతకు ఆధారం కావడంతో మణిలాల్ న్యాయస్థానాన్నే తన కార్యక్షేత్రంగా చేసుకున్నాడు. పేద కూలీల తరఫున వాదించాడు. తలపాగాను గాని పాదరక్షలను గాని తీసివేసి న్యాయస్థానంలోనికి రావాలన్న నిబంధనను ఎదిరించాడు. 1909లో హిందుస్థానీ పత్రికను స్థాపించాడు. అదే సంవత్సరం ఫ్రాంక్ స్వెటెన్‌హామ్ అధ్యక్షతన వచ్చిన రాయల్ కమిషను ఎదుట కూలీల కష్టాలను వివరించాడు. 1910తో ఆ ద్వీపానికి ఒప్పంద కూలీల రాక నిలిచిపోయింది.

ఫిజీలో

1912లో మణిలాల్ ఫిజీ చేరాడు. 1879 నుండి 1916 వరకు అక్కడికి 60,000 మందికి పైగా భారతీయులు కూలీలుగా వెళ్ళారు. 1903 నుండి మద్రాసు ఓడలలో తెలుగువారు, తమిళులు కూడా వెళ్ళారు. ఒప్పందం అయిదేళ్ళు. రోజుకూలి పురుషునికి ఒక షిల్లింగు, స్త్రీకి తొమ్మిది పెన్నీలు. అయితే నిర్ణయించిన పని పూర్తికానిదే ఆ కూలి పూర్తిగా దక్కేది కాదు. సుమారు పదడుగుల పొడవు, ఏడడుగుల వెడల్పు గల గదిలో ముగ్గురు ఒంటరి పురుషులు గాని, ఒక కుటుంబం గాని నివసించేవారు.

1920 జనవరి 1న మిగిలిన ఒప్పందాలన్నీ రద్దయ్యాయి. కాని ధరలు పెరిగి కూలి చాలక, అదే నెలలో సువాలో సమ్మె మొదలయింది. మణిలాల్ భార్య జయకుంవర్ సమ్మెలో స్త్రీలకు నాయకత్వం వహించింది. ప్రభుత్వం న్యాయవిచారణ లేకుండానే, భారతీయులు అధికంగా నివసించే ప్రాంతాలలో రెండేళ్ళపాటు ఉండరాదని దంపతులను ఆదేశించింది. దానితో వారు ఫిజీ విడిచి వెళ్ళవలసి వచ్చింది.

చివరి జీవితం

న్యూజీలాండులో న్యాయవాద వృత్తికి మణిలాల్‌ను అనుమతించలేదు. తరువాత ఏడెన్‌లో న్యాయవాదిగా పనిచేశాడు. 1956లో బొంబాయిలో మరణించాడు. మారిషస్ రాజధాని పోర్ట్ లూయిస్‌లో ఇతని విగ్రహం ఉంది.