నికొలా అపేర్

అమరాపురము కర్ణాటక సరిహద్దున నున్న ఊరు. చిరకాలము అనంతపురము జిల్లాలో నుండి, 2022లో నేర్పడిన శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినది. మెట్టపొలముల నడుమ అక్కడక్కడ వక్కతోటలును, కొబ్బరితోటలును అచట కన్నులకు చల్లదనము గూర్చును. ఆ ప్రాంతపు గృహిణులకు పంటను దాచుకొనుట క్రొత్త విద్య కాదు. చింతపండు గింజ తీసి, ఉప్పు చేర్చి, కుండలలో అదిమి పెట్టుదురు. మిరపకాయలను మిద్దెలపై ఎండబోయుదురు. కూరగాయలను తరిగి ఒరుగులు చేయుదురు. మామిడికాయను ఉప్పు, కారము, నూనెలతో ఊరవేయుదురు. లేతవక్కలను ఒలిచి, ఉడికించి, ఎండబెట్టుదురు. ఇవన్నియు తాతముత్తాతలనాటి పద్ధతులే. వీనిలో చాలవాని మర్మ మొక్కటే: పదార్థములోని తేమను తీసివేయుట, లేదా దానికి ఉప్పును పట్టించుట.

కాని ఎండిన వంకాయ వంకాయవలె నుండదు. ఊరిన మామిడికాయకు చెట్టునాటి రుచి యుండదు. పండినది పండినట్లే, దాని రంగును, రసమును పోగొట్టుకొనకుండ, ఏడాది తరువాతగూడ వడ్డింప వీలగునా? ఈ ప్రశ్న చిన్నది కాదు. అనంతపురము, మదనపల్లె ప్రాంతములలో ధర పడిపోయిన దినములలో రైతులు గంపలకొలది టమాటాలను దారిప్రక్కన పారబోయుటను చూచినవారికి దాని బరువు తెలియును. రెండువందల యేండ్లకు పూర్వము ఈ ప్రశ్నకు సమాధానము కనుగొన్నవాడు శాస్త్రజ్ఞుడు కాడు, విశ్వవిద్యాలయమున చదివినవాడును కాడు. అతడొక వంటవాడు. పేరు నికొలా అపేర్.

ఫ్రాన్సు దేశములో షాంపేన్ అను ద్రాక్షసీమ గలదు. అందలి షాలోన్ పట్టణమున 1749వ సంవత్సరము నవంబరు 17వ తేదీన అపేర్ జన్మించెను. తండ్రి బాటసారులకు బస యిచ్చు సత్రము నడుపుచుండెను. ఇంటినిండ పిల్లలు, సత్రమునిండ అతిథులు. నేలమాళిగలో ద్రాక్షాసవపు సీసాలు, వంటయింట ఎల్లప్పుడు మరుగుచుండు కాగులు. బాలుడగు అపేర్ చదివిన బడి యదియే. సీసాకు బిరడా బిగించుట, పులియుచున్న రసమును కనిపెట్టుచుండుట, మాంసము చెడకుండ కాపాడుట అతనికి ఆటలతోపాటే అలవడెను. యౌవనమున సోదరునితో కలిసి కొంతకాలము బీరు కాచు బట్టీ నడిపెను. పిమ్మట జర్మను సీమలోని ఒక ప్రభువు కొలువున ప్రధాన పాచకుడుగా చేరి, ఆ ప్రభువు మరణించిన పిదప అతని భార్యవద్ద గూడ పనిచేసెను. ఈ విధముగా పదమూడేండ్లు గడచెను.

1784లో అతడు పారిస్ నగరము చేరి, లొంబార్ వీథిలో మిఠాయి అంగడి తెరచెను. వ్యాపారము బాగుగనే సాగెను. అయితే మిఠాయి వర్తకుని కొక చిక్కు కలదు. పండ్లు కొలది వారములు మాత్రమే దొరకును, తినువారు మాత్రము సంవత్సరమంతయు వత్తురు. పండ్లను చక్కెరపాకమున వేసి నిలువచేయుట ఆనాటి ఆచారము. చక్కెర మిక్కిలి ప్రియము. పైగా పాకములో వేసిన పండు పండు రుచిని పోగొట్టుకొని చక్కెర రుచినే పొందును. అపేర్‌కు ఇది నచ్చలేదు.

ఇంతలో 1789లో ఫ్రెంచి విప్లవము చెలరేగెను. అపేర్ దానియందు ఉత్సాహముతో పాల్గొని, తన పేట సంఘమునకు అధ్యక్షుడుగా గూడ నుండెను. విప్లవము తన బిడ్డలనే మ్రింగసాగిన 1794వ సంవత్సరములో అతడును కారాగృహము పాలయ్యెను. గిలొటిన్ యంత్రము క్రింద తలలు తెగుచున్న దినములవి. కొన్ని మాసములు చెరలో నుండి, ప్రాణములతో బయటపడుటయే అతని యదృష్టము. ఆ వెనుక రాజకీయముల నతడు పట్టించుకొన్నట్లు కానరాదు. 1795లో పారిస్ సమీపముననున్న ఇవ్రీ గ్రామమునకు కాపురము మార్చి, తన సీసాలు, కాగులతో పరిశోధనలు సాగించెను.

అతని పద్ధతిని చూడుడు. గట్టి గాజుసీసాలను తెచ్చెను. షాంపేన్ ద్రాక్షాసవపు సీసాలు లోపలి ఒత్తిడికి పగులవని పుట్టిననాటి నుండి ఎరిగినవాడు గనుక వానినే ఎన్నుకొనెను. తరువాత మూతి వెడల్పుగా నుండు సీసాలను చేయించెను. అప్పుడే కోసిన బఠానీలనో, పండ్లనో, వండిన మాంసమునో వానిలో నింపి, పైన కొంత ఖాళీ యుంచి, బెండుబిరడా బిగించి, ఇనుపతీగెతో కట్టెను. బెండులోని సన్నని రంధ్రములగుండ గాలి చొరకుండ, పలుచని బెండుముక్కలను చేపజిగురుతో అంటించి బిరడాలు చేయించెను. మూతి చుట్టును సున్నము, జున్ను కలిపి నూరిన ముద్దను పూసెను. అటుపిమ్మట ఒక్కొక్క సీసాను గోనెసంచిలో పెట్టి, నీటికాగులో నిలిపి, నీటిని మరిగించెను. సంచి యెందుకందురా? ఒక సీసా పగిలినను దాని పెంకులు ప్రక్కవానికి తగులకుండుటకే. ఎన్ని సీసాలు పగిలిన పిదప ఆ సంచి యాలోచన తోచినదో మనము ఊహించుకొనవచ్చును.

ఏ పదార్థమును ఎంతసేపు మరిగింపవలెనో చెప్పు గ్రంథ మేదియు నాడు లేదు. బఠానీ కొక కాలము, పాలకొక కాలము, మాంసమున కొక కాలము. చాలినంత మరుగనిచో సీసా పులిసి పొంగును. ఎక్కువ మరిగినచో గింజ మెత్తబడి ముద్దయగును. ఒక్కొక్క సీసా ఫలితమును తెలిసికొనుటకు వారములు, మాసములు వేచియుండవలెను. ఇట్లు అతడు సుమారు పదునైదేండ్లు శ్రమించెను. శీఘ్రత, శుభ్రత అను రెంటిని మాత్ర మతడు ఎన్నడును విడువలేదు. కోసిన కాయను వీలైనంత త్వరగా సీసాలో చేర్చవలెనని అతని పట్టుదల. అందుకే పిమ్మట మాస్సీ గ్రామములో కర్మాగారము నెలకొల్పినపుడు దానిని ఆనుకొనియే బఠానీలు, చిక్కుడు పండించు తోట వేయించెను. ఆ తోటలో కోసినవి ఆ ప్రక్కనే ఒలిచి, వెంటనే కాగుల కందించుచుండిరి.

ఆనాడు ఓడవారి తిండి ఉప్పులో ఊరవేసిన మాంసము, రాతివంటి ఎండురొట్టె. తాజా కూరలు, పండ్లు లేక నావికులు చిగుళ్లు వాచి, నెత్తురు గారి, స్కర్వీ వ్యాధితో మరణించుచుండిరి. 1803లో అపేర్ తన సీసాలను బ్రెస్ట్ రేవునకు పంపెను. మూడు మాసముల తరువాత అధికారులు వానిని తెరచిచూడగా, పులుసును, కూరలును చెడక, తినుటకు యోగ్యముగనే యుండెను. ఆ పిదప ఓడలపై గూడ పరీక్షలు జరిగెను.

ఈ కథలో చక్రవర్తి నెపోలియన్ పోటీ ప్రకటించి బహుమాన మిచ్చెనని పలువురు వ్రాయుదురు. వినుటకది ఇంపుగనే యుండును. జరిగినది మాత్రము మరియొక తీరు. అపేర్ తన పరిశోధనలను ప్రభుత్వమునకు విన్నవించుకొనెను. పారిస్‌లోని పరిశ్రమల ప్రోత్సాహక సంఘమువారు 1809లో ఆ సీసాలను పరీక్షించి మెచ్చుకొనిరి. పిమ్మట దేశీయ వ్యవహారముల మంత్రి అతని ముందు రెండు మార్గము లుంచెను. పేటెంటు పొందినచో ఆ విద్య కొంతకాలము అతని సొత్తుగా నుండును, ఇతరులు దాని నవలంబింపరాదు. లేదా పన్నెండువేల ఫ్రాంకుల పారితోషికము గొని, తన పద్ధతి నంతయు గ్రంథముగా అచ్చువేసి లోకమునకు వెల్లడింపవలెను.

అపేర్‌కు అప్పటి కరువదేండ్లు. చేతనున్న ధనమంతయు సీసాలకు, కాగులకు కర్చయిపోయినది. వ్యాపారి యైనవాడు పేటెంటునే కోరుకొనును. అతడు గ్రంథమును కోరుకొనెను. 1810లో ఆ పుస్తకము వెలువడెను. రెండువందల ప్రతులను ప్రభుత్వమున కర్పింపవలెను, అచ్చుకూలి అతడే భరింపవలెను. అందులో ఏ మర్మమును దాచలేదు. బిరడా చేయు విధము, సీసాను కట్టు విధము, ఒక్కొక్క పదార్థమును మరిగించు విధము, అన్నియు వ్రాసెను. మన టమాటాకు గూడ అందు స్థానము కలదు. ఆ గ్రంథము ప్రతి సంసారమునకు ఉపయోగపడునదని దాని పేరులోనే కనబడునట్లు చేసెను. సైన్యము కొఱకే గాక, తోటలో నాలుగు బఠానీ పాదులున్న ఇల్లాలి కొఱకును అతడు వ్రాసెనన్నమాట.

ఆ యేడాదియే ఆగస్టులో ఇంగ్లండున పీటర్ డ్యురాండ్ అను వర్తకుడు ఇట్టి పద్ధతికే పేటెంటు పొందెను. గాజునకు బదులు తగరపుపూత గల ఇనుపరేకు డబ్బాలను గూడ అందు చేర్చెను. ఆ పేటెంటును కొన్నవారు లండనులో కర్మాగారము పెట్టి, 1813 నాటికి ఇంగ్లీషు నావికాదళమునకు డబ్బా ఆహారమును అమ్మసాగిరి. డబ్బా బలమైనది, పగులదు. విచిత్ర మేమనగా, దానిని తెరచుటకు తగిన సాధనము రావలెనన్న మరి నలువది యేండ్లకు పైగా పట్టినది. అంతవరకు ఉలి, సుత్తియే శరణ్యము!

అపేర్‌కు కష్టకాలము దాపురించెను. 1814, 1815 సంవత్సరములలో నెపోలియన్ పరాజయముతో విదేశ సైన్యములు ఫ్రాన్సులో ప్రవేశించెను. మాస్సీలోని కర్మాగారము నాశనమయ్యెను. తోట పాడయ్యెను. అరువదియైదేండ్ల వృద్ధుడు పారిస్ చేరి మరల మొదటినుండి ప్రారంభించెను. ఎముకలనుండి జిగురుసారము తీయుట మొదలగు ఇతర పరిశోధనలు గూడ చేసెను. 1822లో ప్రోత్సాహక సంఘము అతనికి మానవోపకారి యను బిరుద మిచ్చెను. బిరుదము వచ్చినది గాని ధనము రాలేదు.

తన సీసాలోని ఆహారము ఎందులకు చెడకుండెనో అపేర్‌కు తెలియదు. గొప్ప రసాయన శాస్త్రజ్ఞుడగు గే-లుసాక్ ఆ సీసాలలోని గాలిని పరీక్షించి, అందు ప్రాణవాయువు లేకుండుటయే కారణమని చెప్పెను. ఆ మాటయే చాలకాలము ప్రమాణమయ్యెను. అది సరికాదు. ఆహారమును చెడగొట్టునవి కంటి కగపడని సూక్ష్మజీవులనియు, మరుగుచున్న వేడికి అవి నశించుననియు, బిరడా క్రొత్తవానిని లోనికి రానీయదనియు 1860 ప్రాంతమున లూయీ పాశ్చర్ నిరూపించెను. వంటవాని చేతికి దొరకిన సత్యము శాస్త్రజ్ఞుని బుద్ధికి అందుటకు అర్ధశతాబ్ది పట్టినది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. సూక్ష్మజీవులలో కొన్ని బీజరూపమున మరుగునీటి వేడికి గూడ చావవు. బొట్యులినమ్ అను విషమును పుట్టించునది అట్టిదే. పులుపు గల మామిడి, నిమ్మ వంటి వానిలో అది పెరుగలేదు. అందువలన వానికి మరుగునీరు చాలును. టమాటాకు మాత్రము కొంచెము నిమ్మరసము చేర్చుట మేలు. బఠానీ, చిక్కుడు, మాంసము వంటి పులుపు లేనివానికి ఒత్తిడి పాత్రలో సుమారు 121 డిగ్రీల సెంటిగ్రేడు వేడి కావలెను. ఉబ్బిన డబ్బాను రుచి చూచుటకైనను తెరువరాదు. ఒత్తిడి పాత్రల వాడుక అపేర్ గతించిన తరువాత, 1850 దాటిన పిదప, అతని కర్మాగారమునకు వారసుడైనవాని కృషితో స్థిరపడినది.

వేడికి బదులు చలితో దాచు విద్య మరి నూరేండ్లకు వృద్ధి చెందినది. అమెరికా దేశస్థుడగు క్లారెన్స్ బర్డ్స్ఐ 1912 మొదలు కొన్నియేండ్లు లాబ్రడార్ మంచుసీమలో నివసించెను. అచటివారు పట్టిన చేప గాలి తగులగనే గడ్డకట్టుటయు, మాసముల తరువాత వండినను తాజాగా నుండుటయు చూచెను. మెల్లగా గడ్డకట్టినచో పెద్ద మంచుపలుకులు ఏర్పడి పదార్థపు కణములను చీల్చును. శీఘ్రముగా గడ్డకట్టినచో పలుకులు సన్నముగా నుండి రుచి చెడదు. అతని యంత్రములలో గడ్డకట్టించిన ఆహారము 1930లో అమెరికా అంగళ్లలో అమ్మకమునకు వచ్చెను. నేడు ఇంటి ఫ్రీజరులో బఠానీలు దాచువారు ముందుగా వానిని కొలది నిమిషములు మరుగునీటిలో ముంచి తీయుదురు. గింజలో రంగును, రుచిని మార్చు రసములు ఆ వేడికి అణగును. చలి వానిని ఆపదు, మందగింపజేయును. కనుక చలిపద్ధతికి గూడ ముందు కొంత కాగునీరు కావలసియే వచ్చినది.

అపేర్ మాస్సీ గ్రామములోనే శేషజీవితము గడపెను. భార్య ఏనాడో విడిచిపోయినది. ప్రభుత్వ మిచ్చు స్వల్ప భృతియే ఆధారము. 1841వ సంవత్సరము జూన్ 1వ తేదీన, తొంబదియొకటి యేండ్ల వయసున, అతడు మరణించెను. ప్రత్యేకమైన గోరీకి కూడ ధనము లేక అతనిని పేదలను పాతిపెట్టు ఉమ్మడి గోతిలో ఖననము చేసిరి. 1955లో ఫ్రెంచి ప్రభుత్వము తన దేశపు నూతన కల్పనాకారుల చిత్రములతో తపాలాబిళ్లలు వెలువరించినపుడు వారిలో అపేర్ ముఖమును గూడ ముద్రించెను.