లొట్టే రైనిగర్: కత్తెరతో సినిమా తీసిన మనిషి

మొన్న సెలవుల్లో ఇందుకూరుపేటలో మా ఇంట్లో ఒక చిన్న స్టాప్ మోషన్ సినిమా మొదలుపెట్టా. రొయ్యల గుంట మీద వాలే కొంగ, దాన్ని తరిమే తాత, అంతే కథ. పాత పెళ్లి కార్డులు కత్తిరించి కాళ్లూ చేతులూ విడివిడిగా చేసి, కీళ్ల దగ్గర దారంతో ముడేశా. తాత చెయ్యి కొంచెం జరపడం, ఫోన్‌తో ఒక ఫొటో తియ్యడం. సెకనుకి 12 ఫొటోలు. 340 ఫొటోలు తీస్తే వచ్చింది 28 సెకన్లు. మర్నాడు గుంట గట్టు మీద ఫోన్ చెయ్యి జారి నీళ్లలో పడింది. చదివేది కంప్యూటర్ సైన్స్, కానీ బ్యాకప్ లేదు! నవ్వకండి.

ఇక వదిలేద్దాం అనుకుంటున్నప్పుడే లొట్టే రైనిగర్ గురించి చదివా.

ఆమె 1899 జూన్ 2న బెర్లిన్‌లో పుట్టింది. చిన్నప్పటి నుంచీ నల్ల కాగితం కత్తిరించి నీడబొమ్మలు చేయడమే పిచ్చి. నాటక బడిలో చేరి, నటుల రూపాలు కత్తెరతో కత్తిరించి ఇచ్చేది. అది చూసి పాల్ వెగెనర్ అనే నటుడు తన సినిమాలో పని ఇచ్చాడు. అందులో ఎలుకల గుంపు కావాలి. నిజం ఎలుకలు మాట వింటాయా? చెక్క ఎలుకల్ని ఒక్కో ఫ్రేముకీ కొంచెం కొంచెం జరిపి తీశారు. అది 1918. అప్పుడామెకి 19 ఏళ్లు, అంటే నా వయసే.

1921లో కార్ల్ కోచ్‌ని పెళ్లి చేసుకుంది. తర్వాత ఆమె సినిమాలకి కెమెరా పని ఎక్కువగా ఆయనే చూశాడు. అప్పట్లో జర్మనీలో డబ్బు విలువ రోజురోజుకీ పడిపోతోంది. లూయీ హాగెన్ అనే బ్యాంకరు డబ్బు దాచుకోలేక ఫిల్మ్ కొని పెట్టుకున్నాడు. దాంతో పెద్ద సినిమా తియ్యమని ఆమెని అడిగాడు. పోట్స్‌డామ్‌లో ఆయన గ్యారేజీ పైన గదే స్టూడియో.

అక్కడ గాజు బల్ల, కింద లైటు, పైన కెమెరా. బొమ్మలు నల్ల అట్టతో, పల్చటి సీసం రేకుతో చేసి, కీళ్లకి సన్న తీగ కట్టేవారు. బరువుంటే బొమ్మ బల్లకి అతుక్కుని ఉంటుంది. నా తాత ఫ్యాన్ గాలికే ఎగిరిపోయేవాడు!

మన తోలుబొమ్మలకీ కీళ్ల దగ్గర ముడులే. కాకపోతే మనవి రంగుల్లో మెరుస్తాయి, ఆమెవి ఒట్టి నలుపు. ముఖంలో ఏ భావమూ కనపడదు. కోపమైనా ప్రేమైనా మెడ వంపులో, మోచేతి మడతలో చూపించాల్సిందే.

1923 నుంచి 1926 దాకా మూడేళ్లు పట్టింది. సుమారు 65 నిమిషాల 'ప్రిన్స్ అహ్మద్ సాహసాలు' 1926 మే 2న బెర్లిన్‌లో మొదటిసారి వేశారు. ఇప్పుడు మిగిలున్న యానిమేషన్ సినిమాల్లో, పూర్తి నిడివివాటిలో, అన్నిటికంటే పాతది ఇదే. డిస్నీ 'స్నో వైట్' వచ్చింది 1937లో.

తర్వాత హిట్లర్ వచ్చాడు. భార్యాభర్తలు దేశం వదిలారు. ఎక్కడా శాశ్వతంగా ఉండనివ్వలేదు, వీసా అయిపోగానే ఇంకో దేశం. అయినా దారిలో సినిమాలు తీస్తూనే ఉన్నారు. 1944లో జబ్బుపడ్డ తల్లి కోసం ఆమె బెర్లిన్‌కి తిరిగెళ్లక తప్పలేదు. ఆ యుద్ధంలోనే అహ్మద్ అసలు నెగటివ్ నాశనమైంది.

మూడేళ్ల పని! నా 28 సెకన్లు గుర్తొచ్చి సిగ్గేసింది.

ఆమె మాత్రం 1949లో లండన్ చేరి మళ్లీ కత్తెర పట్టింది. 1950లలో సిండ్రెల్లా లాంటి కథలు టీవీ కోసం వరసగా తీసింది. 1963లో భర్త పోయాక చాలా ఏళ్లు ఆగిపోయి, డెబ్బై దాటాక మళ్లీ మొదలుపెట్టింది. 1981 జూన్ 19న జర్మనీలో కన్నుమూసింది. అహ్మద్ కూడా బతికాడు, లండన్‌లో మిగిలిన ఒక ప్రింటు నుంచి తర్వాత ఆ సినిమాని బాగుచేశారు.

నాకు ఏ ప్రింటూ లేదు. కానీ తాత, కొంగ అట్టపెట్టెలో భద్రంగానే ఉన్నారు. తాత వీపుకి రూపాయి బిళ్ల అంటించా, ఇప్పుడు ఎగరడం లేదు. నిన్నటికి 61 ఫొటోలు. ఈసారి ప్రతి రాత్రీ లాప్‌టాప్‌లోకి కాపీ చేస్తున్నా.