కస్తూరి నుండి జొన్నకూటి వరకు: కవిసార్వభౌముడు శ్రీనాథుడు

మహాకవుల జీవితాలు వ్రాసేవారు సాధారణంగా వారి కావ్యాలను, బిరుదులను, వారిని పోషించిన ప్రభువులను లెక్కించి కలం దించుతారు. ఆ కవి ఏమి తిన్నాడు, ఏమి ధరించాడు, ఏ పరిమళాన్ని కోరుకున్నాడు అనే సంగతులు అల్పవిషయాలని విడిచిపెడతారు. ఇతరుల మాట ఎలా ఉన్నా, శ్రీనాథుని విషయంలో ఆ పని చేస్తే సగం మనిషి మనకు దక్కకుండా పోతాడు. ఆయనకు భోజనం, వస్త్రం, తాంబూలం, గంధం కవిత్వానికి వెలుపలి వస్తువులు కావు. పల్నాటి వారమైన మనకు ఆయనతో మరొక లెక్క కూడా ఉన్నది. మన జొన్నకూటిని ఆయన పరిహసించినంతగా మరెవ్వరూ పరిహసించలేదు. ఆ లెక్క ఎలా తేలిందో చెప్పుకోవడమే ఈ వ్యాసంలో మా ప్రయత్నం.

శ్రీనాథుడు పద్నాలుగవ శతాబ్ది ఉత్తరార్ధంలో మారయ్య, భీమాంబ దంపతులకు జన్మించాడు. తాత కమలనాభామాత్యుడు స్వయంగా కవి. మనుమడు నూనూగు మీసాలైనా రాని ప్రాయంలోనే మరుత్తరాట్చరిత్ర వ్రాశాడు. నూతన యౌవనంలో శాలివాహన సప్తశతిని తెనిగించాడు. ఈ రెండూ నేడు లభించడం లేదు. పిదప శ్రీహర్షుని సంస్కృత నైషధాన్ని శృంగార నైషధంగా తెలుగు చేసి మామిడి సింగనామాత్యునికి అంకితమిచ్చాడు. 1402 నుండి 1420 వరకు కొండవీటిని ఏలిన పెదకోమటి వేమారెడ్డి ఆస్థానంలో విద్యాధికారి పదవి ఆయనది. ఆ పదవిలో ఉండగా ఆయన కూర్చిన శాసనం ఒకటి ఫిరంగిపురంలో ఉన్నది. అది రాణి సూరమాంబ త్రవ్వించిన చెరువును గూర్చినది.

కొండవీడు మనకు దూరం కాదు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడిన నాటి నుండి యడ్లపాడు మండలంలోని ఆ దుర్గం మన జిల్లాలోనిదే. ఈనాడు శిథిలమైన బురుజులు, చెరువులు, కోనలు మాత్రమే కనబడే ఆ కొండ మీద ఒకప్పుడు కర్పూరపు పొడి గాలిలో ఎగిరేది. పెదకోమటి వేమునికి ముందు 1386 నుండి 1402 వరకు రాజ్యం చేసిన కుమారగిరిరెడ్డికి వసంతోత్సవాలంటే మక్కువ. కర్పూర వసంతరాయలన్న బిరుదు ఆయనకు అందువల్లనే కలిగింది. ఏటేటా ఆ ఉత్సవాలకు కావలసిన సుగంధాలను సమకూర్చినవాడు అవచి తిప్పయసెట్టి. అతడు శ్రీనాథునికి బాల్యమిత్రుడు. హరవిలాసం అతనికే అంకితమైనది.

ఆ కావ్యం అవతారికలో శ్రీనాథుడు మిత్రుని వర్తకాన్ని వర్ణించిన తీరు చూస్తే ఒక సుగంధ ద్రవ్యాల అంగడిలో అడుగుపెట్టినట్లే ఉంటుంది. గోవ నుండి, తూర్పు సముద్రానికి ఆవల ఉన్న తవాయి, తరుణాసీరి రేవుల నుండి చందనం, అగరు, కర్పూరం, పన్నీరు, కుంకుమపువ్వు, కస్తూరి వచ్చేవి. భోటదేశపు కస్తూరి, చీనా పట్టు, సింహళపు ఏనుగులు, హురుమంజి గుర్రాలు కూడా ఆ జాబితాలోనివే. హురుమంజి అంటే పారసీక సముద్రతీరంలోని హోర్ముజ్ రేవు. సరకులు తెచ్చిన ఓడల రకాలను కూడా ఆయన పేరుపేరునా చెప్పాడు. భోగాన్ని అనుభవించేవారు లోకంలో ఎందరో ఉంటారు. ఆ భోగవస్తువు ఏ రేవులో ఏ ఓడ ఎక్కి వచ్చిందో ఎరిగి అనుభవించిన రసికుడు మాత్రం శ్రీనాథుడు.

ఉర్దూ, తెలుగు పక్కపక్క గదులలో చదువుకునే మనకు ఆయన జీవితంలో మరొక ముచ్చటైన ఘట్టం ఉన్నది. భీమేశ్వర పురాణాన్ని ఆయన బెండపూడి అన్నయమంత్రికి అంకితమిచ్చాడు. అన్నయమంత్రి అరబ్బీ, తురుష్క భాషలతో మొదలుపెట్టి అనేక భాషలలో గోష్ఠి నెరపగలవాడని ఆ కావ్యం చెబుతున్నది. తన ప్రభువు తరఫున పారసీ భాషలో ఆయన వ్రాసిన లేఖలోని అక్షరాల సొంపు కన్నులకు పండువగా ఉండేదని శ్రీనాథుడు పొగిడాడు. ఆ లేఖ వ్రాసిన వస్తువును ఆయన కాకితమన్నాడు. పారసీ కాగజ్ మన కాగితమై తెలుగు పద్యంలో చోటుచేసుకున్న తొలి సందర్భాలలో ఇది ఒకటి. శైవభక్తుడైన ఒక తెలుగు కవి పారసీ దస్తూరీ అందాన్ని చూచి మురిసిపోయాడన్నది మనం మరువరాని విషయం. అందం ఎక్కడ కనిపించినా గుర్తించడమే ఆయన రసికతకు మూలం.

ఆ రసికత వేషం మార్చుకోవలసి వచ్చిన సందర్భమూ ఉన్నది. 1424లో గద్దెనెక్కిన రెండవ దేవరాయలను, అనగా ప్రౌఢదేవరాయలను, దర్శించడానికి శ్రీనాథుడు విజయనగరం వెళ్లాడు. కొలువు దొరకడం ఆలస్యమైంది. ఆ నిరీక్షణను గూర్చి ఒక చాటువు ప్రచారంలో ఉన్నది. తల మీద కుళ్లాయి పెట్టుకొని, ఒంటికి పెద్ద అంగీ తొడుక్కొని, వెల్లుల్లి కలిపిన నువ్వుపిండి తిని, పులిసిన మజ్జిగతో అంబలి త్రాగానని, ఇక కరుణించమని కన్నడ రాజ్యలక్ష్మితో మొరపెట్టుకున్నాడట. కుళ్లాయి పారసీ కులాహ్ నుండి వచ్చిన మాట. నాటి విజయనగరపు కొలువుకు వెళ్లే పెద్దమనుషులు కుళ్లాయి, కబాయి ధరించేవారు. కొండవీటి పంచెకట్టు కవికి ఆ వేషం ఎంత ఉక్కపోతగా ఉండి ఉంటుందో మనం ఊహించుకోవచ్చు.

కొలువు దొరికిన పిదప కథ అందరికీ తెలిసినదే. గౌడ డిండిమభట్టును వాదంలో ఓడించి, ఆయన కంచుఢక్కను పగులగొట్టించి, కవిసార్వభౌమ బిరుదంతో పాటు రాయల ముత్యాలశాలలో దీనార టంకాలతో కనకాభిషేకం పొందాడు. ఆ రాయల కాలంలోనే 1443లో హెరాత్ నుండి షారూఖ్ సుల్తాను రాయబారిగా అబ్దుర్ రజాక్ విజయనగరానికి వచ్చాడు. నగరంలో ఎక్కడ చూచినా గులాబీలు అమ్ముతున్నారని, అక్కడి ప్రజలకు అన్నం ఎంత అవసరమో గులాబీలూ అంతే అవసరమని, తాంబూలం లేనిదే వారికి పొద్దుపోదని ఆయన పారసీలో వ్రాసిపెట్టాడు. పూవును, ఆకువక్కను కూడా అన్నంతో సమానంగా చూచే ఆ లోకమే శ్రీనాథుని లోకం. తెలుగు దొర ఒకనిని ఆయన కోరిన బహుమానం భూమి కాదు, బంగారం కాదు, కస్తూరి.

ఇటువంటి మనిషి పల్నాటికి వచ్చాడు.

ఆనాటి పల్నాడు ఎటువంటిదో తలచుకుందాం. నేల అడుగున నాపరాయి, పైన రేగడి. వాన కొంచెం, ఎండ జాస్తి. ఉత్తరాన కృష్ణ పారుతున్నా లోతైన గట్ల మధ్య పారుతుంది కనుక ఆ నీరు పొలానికి ఎక్కదు. నాగులేరు వేసవిలో మడుగులుగా మిగులుతుంది. అటువంటి చోట వరి పండదు; జొన్న, సజ్జ, ప్రత్తి పండుతాయి. సన్నబియ్యపు అన్నంలో కమ్మని నేయి పోసుకొని, బంగారు పళ్లెరంలో భుజించడానికి అలవాటుపడిన కవికి ఇక్కడ పూటపూటకూ జొన్నలే ఎదురైనాయి.

దానితో ఆయన నోట చాటువులు వెలువడినాయని ప్రతీతి. చాటువులు నోటినుండి నోటికి వచ్చినవి. అన్నీ ఆయనవేనని పండితులందరూ ఒప్పుకోరు. కాని పల్నాటి జనం వాటిని ఆయనవిగానే నిలుపుకొన్నారు. చిన్నచిన్న రాళ్లు, చిల్లర దేవుళ్లు, తేళ్లు, పాములు తప్ప ఈ సీమలో ఏమున్నదని ఒక చాటువు అడుగుతుంది. ఇక్కడ రంభయైనా ఏకు వడకవలసిందే, రాజైనా దున్నవలసిందే, మన్మథుడైనా జొన్నకూడు తినవలసిందేనని మరొకటి వెక్కిరిస్తుంది. దాహానికి తాళలేక, ఇద్దరు భార్యలు నీకెందుకు, గంగను మాకు విడువుమని శివునితో బేరమాడినట్లు ఇంకొకటి. పూతన విషాన్ని, కార్చిచ్చును మ్రింగానని గర్వించే కృష్ణుని పిలిచి, చింతచిగురు వేసి వండిన ఉడుకు బచ్చలికూరతో ఒక్క జొన్నముద్ద మ్రింగి చూపుమని సవాలు చేసేది అన్నింటిలోకీ ప్రసిద్ధం.

ఈ పరిహాసానికి మేము నొచ్చుకోలేదని చెబితే అది అబద్ధమవుతుంది. ఇంటి నుండి గుడ్డలో కట్టి తెచ్చుకున్న జొన్నరొట్టెను పదిమంది ముందు విప్పడానికి సంకోచించిన అనుభవం ఈ సీమ విద్యార్థులలో చాలామందికి ఉన్నదే. ఐనా ఆ చాటువులను మరొకమారు నిదానంగా చూడండి. జొన్నకలి, జొన్న అంబలి, జొన్నన్నం అంటూ ఒక్క ధాన్యంతో చేసే వంటలను ఆయన వేరువేరుగా గుర్తించాడు. ఎసట్లో పిండి పోసి తెడ్డుతో కెలికితే సంకటి. పులియబెట్టి కాచి మజ్జిగ కలిపితే అంబలి. దంచి పొట్టు చెరిగి వండితే అన్నం. వేడినీళ్లతో పిండి కలిపి అరచేత తట్టి పెనం మీద కాల్చితే రొట్టె. బచ్చలికి జిగురు గుణం ఉన్నది. చింతచిగురు పులుపు ఆ జిగురును విరుస్తుంది. పొడిగా ఉండే జొన్నముద్దకు ఆ పుల్లని కూర తోడైతే గొంతు దిగుతుంది. లేనితనంలో నుండి రుచిని పుట్టించిన గృహిణి నేర్పు అది. ఎగతాళి చేస్తూనే ఆ నేర్పును పద్యంలో భద్రపరచినవాడు శ్రీనాథుడే. కొండవీటి విందులకు వలెనే పల్నాటి వంటింటికి కూడా ఆయన నాలుకే సాక్షి.

ఏకు వడికే రంభ విషయమూ అంతే. చీనాంబరాలు ఓడలెక్కి వచ్చే రోజులలో సామాన్యుని ఒంటి మీది బట్ట పల్నాటి వంటి సీమలలో ప్రత్తి వడికిన ఆడవారి చేతి చలవ. నవ్వు కోసం చెప్పిన ఆ మాటలో ఈ సీమ స్త్రీల శ్రమ కూడా దాగి ఉన్నది.

శ్రీనాథుడు పల్నాటికి చెల్లించిన అసలు మూల్యం మరొకటి ఉన్నది. అదే పల్నాటి వీరచరిత్ర. రాజసభల సమాసాలను విడిచి, సామాన్యులు పాడుకోదగిన ద్విపదలో ఆయన ఆ వీరగాథను చెప్పాడు. 1911లో అక్కిరాజు ఉమాకాంతం గారు దానిని అచ్చు వేయించారు. మాచెర్ల, గురజాల, కారెంపూడి పేర్లు తెలుగు సాహిత్యంలో శాశ్వతంగా నిలిచినాయంటే ఆ కావ్యానికి అందులో పెద్ద పాలున్నది. ఆ గాథానాయకుడైన బ్రహ్మనాయుని పేరు చెప్పగానే పల్నాటి ప్రజలకు గుర్తు వచ్చేది చాపకూడు. కులభేదం లేక ఒకే చాప మీద కూర్చుండి తినే ఆ పంక్తిలో పళ్లెరం బంగారుదా, ఆకుదా అన్న ప్రశ్నకు తావు లేదు. ఒకే దస్తర్‌ఖాన్ చుట్టూ కూర్చుండి తినే ఆచారం ఎరిగిన ఇండ్లవారికి ఈ చాపకూటి అర్థాన్ని వేరుగా వివరించనక్కరలేదు. జొన్నకూటిని వెక్కిరించిన కవి చేతనే ఈ సీమ తన వీరుల కథ చెప్పించుకున్నది.

శ్రీనాథుని చివరి దినాలు తలచుకుంటే మనసు కలుక్కుమంటుంది. 1424 ప్రాంతంలో కొండవీటి రెడ్డిరాజ్యం అంతరించింది. కాశీఖండం కృతిపొందిన రాజమహేంద్రవరపు వీరభద్రారెడ్డి గతించాడు. కస్తూరి ఇచ్చిన దొర పోయాడు. బంగారు పళ్లెరంలో తన పంక్తిన అన్నం పెట్టించిన విస్సనమంత్రి పోయాడు. ఒక్కొక్క పోషకునితో ఒక్కొక్క సుఖం తనను విడిచిపోయిందని ఆయన వాపోయిన చాటువు కన్నీరు తెప్పిస్తుంది. కృష్ణాతీరాన బొడ్డుపల్లెలో భూమి గుత్తకు తీసుకొని ముసలితనంలో సేద్యానికి దిగాడు. పంట కొంత కృష్ణ వరద పాలైంది; నువ్వులు, పెసలు పిట్టల పాలైనాయి. చెల్లించవలసిన శిస్తు ఏడువందల టంకాలు. టంకాలతో స్నానం చేసిన మనిషి వద్ద ఆ ఏడువందలు లేవు. కాళ్లకు సంకెళ్లు వేసి, భుజాన నల్లగుండు ఎత్తి, వీధిలో ఎదురెండకు నిలబెట్టారని చాటు సంప్రదాయం చెబుతున్నది. అప్పుడు కూడా ఆయన బిరుసు తగ్గలేదు. దేవలోకపు కవి గుండెలు అదిరేలా తాను అమరపురికి వెళుతున్నానని చెప్పుకొని కన్ను మూశాడు.

రాజైనా దున్నవలసిందేనని పల్నాటిని చూచి నవ్విన కవిసార్వభౌముడు చివరకు తానే మెరకచేని రైతై నిలిచాడు. ఇది విధి తీర్చుకున్న కసి అని మేము అనుకోవడం లేదు. ప్రభువు పెట్టిన భోగం ప్రభువుతో పోయింది. వానను నమ్మి, మట్టిని నమ్మి, ఉన్నదానితో కమ్మగా వండుకొని తినే సామాన్యుని సుఖం మాత్రం నిలిచింది. ఆ రెండింటి రుచీ ఎరిగి రెండింటినీ పద్యాలలో మనకు వదిలి వెళ్లినవాడు శ్రీనాథుడొక్కడే.

1967లో నాగార్జునసాగర్ కుడికాలువకు నీరు విడిచిన తరువాత ఆయన శివుని అడిగిన గంగ పల్నాటికి వచ్చింది. వరి, మిరప, ప్రత్తి పొలాలు విస్తరించినాయి. జొన్న వెనుకకు తగ్గింది. తిరిగి 2023ను ఐక్యరాజ్యసమితి చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించగా, పట్టణాలలో ఉన్నవారు జొన్నలను వెల పెట్టి కొని ఆరోగ్యం కోసం తింటున్నారు. నేడు కవిసార్వభౌముడు నరసరావుపేట వీధిలో నడిస్తే పెనం మీద పొంగుతున్న జొన్నరొట్టెను చూచి ఏమనేవాడో తెలియదు. ఒక చాటువు మాత్రం తప్పక విసిరేవాడు. మనం నవ్వి, ఆయనకు ఒక రొట్టె, చింతచిగురు వేసిన బచ్చలికూర వడ్డించి, మన పంక్తిలోనే కూర్చుండబెట్టుకొందుము.